ఎర్ర లైటు వెలిగినా ఆగని మైకు

ఆ రోజు నంద్యాల కాలేజీలో మైకు ఆగకపోవడానికి కారణం నేను. ఎలక్ట్రీషియన్ కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నాకు సంగతులు సాగదీసి చెప్పే అలవాటుంది. మధ్యలో ఎవరైనా లేచిపోతే అసలు విషయం వినకుండా పోతారు. ఈ విషయంలో అలా జరగకూడదు.

మిగతాది అర్థం కావాలంటే తొంభైల్లో ఆళ్లగడ్డలో నేను చేసిన పని గురించి కొంచెం చెప్పాలి. నాకు అప్పట్లో మైకు సెట్టు ఉండేది. రెండు ఆంప్లిఫయర్లు, ఆరు గొట్టం స్పీకర్లు, నాలుగు మైకులు. పెళ్లిళ్లకు, భజనలకు, పార్టీ మీటింగులకు ఇచ్చేవాడిని. పెళ్లిలో మైకు ఆగితే ఎవరూ పట్టించుకోరు, కొందరు సంతోషిస్తారు కూడా. మీటింగులో ఆగితే మాత్రం సంగతి వేరు. మా వైపు మైకు తనంతట తాను ఆగదు. ఎవరో ఆపిస్తారు.

ఒకసారి ఒక పెద్దమనిషి ఆవేశంగా మాట్లాడుతూ మైకును కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. ఆ మార్చుకోవడంలో బొటనవేలు స్విచ్చుకు తగిలి మైకు ఆగింది. ఆయన ఆగలేదు. నోరు ఆడుతోంది, చెయ్యి ఊగుతోంది, జనానికి మాత్రం ఒక్క ముక్క వినపడటం లేదు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. మీటింగు అయ్యాక ఆయన మనుషులు ఇద్దరు నా దగ్గరికి వచ్చారు.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఏం చెప్పేదన్నా?"

"మైకు ఆపమని."

"ఎవురూ చెప్పలేదన్నా. ఆయనే స్విచ్చు నొక్కుకున్యాడు."

"ఆయన మాట ఆయనే ఆపుకుంటాడా? పిచ్చోడా ఆయన?"

ఈ ప్రశ్నకు అవునన్నా కష్టమే, కాదన్నా కష్టమే. నేను తీగలు చుట్టుకుంటూ ఉన్నాను. వాళ్లు ఆంప్లిఫయర్‌ను జీపులో వేసుకుని పోయారు. మూడు రోజుల తర్వాత తెచ్చి ఇచ్చారు. మూత విప్పేసి ఉంది. మైకు ఆపించిన మనిషి లోపల దాక్కున్నాడేమోనని వెతికినట్టున్నారు.

ఆ వారమే నాలుగు మైకులూ విప్పి, స్విచ్చుకు పోయే రెండు తీగలనూ ఒకదానికొకటి కలిపి టంకం పెట్టేశాను. ఇక ఆ స్విచ్చు టక్కుమని పైకీ కిందికీ కదిలేది. నొక్కినవాడికి నొక్కానన్న తృప్తి ఉండేది. మైకు మాత్రం ఆగేది కాదు. ఈ ఉపాయాన్ని ఊళ్లో మైకు సెట్లున్న మిగతా ఇద్దరికీ గొప్పగా చెప్పాను. వాళ్లు నవ్వారు. వాళ్లు ఆ పని నాకంటే చాలా ముందే చేసుకున్నారట.

రెండు వేల సంవత్సరం దాటాక మైకు సెట్టు బేరాలు తగ్గిపోయాయి. నేను హైదరాబాదు పోయి, కాలేజీలకూ ఆఫీసులకూ ప్రొజెక్టర్లు, స్పీకర్లు బిగించే ఒక కంపెనీలో చేరాను. కొన్నాళ్లు శిక్షణ ఇచ్చారు. మెడలో కార్డు వేశారు. నంద్యాల శివార్లలో ఒక ఇంజనీరింగు కాలేజీ పని రాగానే, నీ ఊరివైపే కదా అని నన్నే పంపారు.

పని ఏమిటంటే, ఇరవై రెండు తరగతి గదుల్లో ప్రొజెక్టరు, దిగే తెర, స్పీకర్లు పెట్టాలి, వరండాల్లో కూడా స్పీకర్లు బిగించాలి. ప్రతి గదిలో ఒక చిన్న నల్ల పెట్టె ఉంటుంది. ఆ పెట్టెలన్నీ కేబుళ్ల ద్వారా కింది అంతస్తులోని ఒక పెద్ద ఇనుప బీరువాలాంటి దానికి కలుస్తాయి. ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పలకంత టచ్ ప్యానెల్, పక్కన మైకు, ఆ మైకుకు మాట ఆపే మ్యూట్ మీట, ఒక ఎర్ర లైటు. ఆయన కుర్చీలోంచి లేవకుండా ఏ గదిలో తెరనైనా దించవచ్చు, ఏ ప్రొజెక్టరునైనా వెలిగించవచ్చు, అన్ని గదులకూ ఒకేసారి మాట్లాడవచ్చు. ఏ మీట నొక్కితే ఏ పెట్టె ఏం చెయ్యాలో ల్యాప్‌టాప్‌లో రాసి ఎక్కించడం నా పని.

కరస్పాండెంట్ గారికి ఊళ్లో రైస్ మిల్లు ఉంది. కాలేజీ ఆ తర్వాతే కట్టించారు. ఏది చూసినా మిల్లుతో పోల్చి చూసేవారు.

"మా మిల్లులో ఒక్క మీట నొక్కితే ఏడు మోటార్లు తిరుగుతాయి. ఈడ ఒక మీట కోసరం నెల నుంచి కూసోని టైపు కొడ్తాండావ్. ఏందప్పా అంత రాసేది? నవలా?" అని నన్ను అడిగారు.

ఆ నెలంతా నాకు తోడు కాలేజీ ఎలక్ట్రీషియనే. నాకంటే ఐదారేళ్లు పెద్ద. బిల్డింగు కట్టేటప్పుడు గోడల్లో పైపులు వేసింది ఆయనే. నా దగ్గరున్న ప్లానులో ఒకటుంటే గోడలో ఇంకోటుండేది. ఆయన గోడ మీద వేలి కణుపులతో కొట్టి, "ఈడ కాదప్పా, జానెడు పక్కన" అనేవాడు. జానెడు పక్కనే ఉండేది. నేను లేని పూట కూడా కేబుళ్లకు చీటీలు కట్టి పెట్టేవాడు. ముత్యాల్లాంటి రాత. కుతూహలం కూడా ఎక్కువే. ఒకరోజు నేను టీ తాగి వచ్చేలోపు "అన్ని తెరలూ దించు" అన్న మీట నొక్కి చూశాడు. సివిల్ క్లాసులో లెక్చరర్ గారు బోర్డు ముందు నిలబడి సిమెంటు గురించి చెబుతున్నారట. తెర నిదానంగా దిగి ఆయన్ను దాచేసింది. ఆయన పాఠం ఆపలేదు. గంట కొట్టేదాకా తెర వెనక నుంచే చెప్పారు.

ఈ పని మీద ఆయన పెట్టుకున్న ఆశ ఒకటుంది. నంద్యాల ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఆ కాలేజీ మొత్తం మీద ఏసీ ఉన్నవి రెండే గదులు. ఒకటి ప్రిన్సిపాల్ గారిది. రెండోది మా ఇనుప బీరువా పెట్టిన గది. మిషన్లు వేడెక్కకూడదని పెట్టించారు. ఆ గదిలో ఎప్పుడూ ఒక ఆపరేటరు కూర్చోవాలి. ప్రారంభోత్సవం సవ్యంగా జరిగితే ఆ ఉద్యోగం నీకేనని కరస్పాండెంట్ గారు ఎలక్ట్రీషియన్‌కు మాటిచ్చారు. పదిహేనేళ్లుగా నిచ్చెన భుజాన వేసుకుని ఎండలో తిరిగిన మనిషి. ఆ మాట ఆయన ఇంట్లో చెప్పాడు. ఇంట్లో ఆమె వీధంతా చెప్పింది, బంధువులందరికీ చెప్పింది. ఒకరోజు ఆయన నన్ను అడిగాడు.

"అప్పా, ఏసీలో పొద్దుగూకులూ కూసుంటే స్వెట్టరు కావాలంటనే?"

"కొనేస్తివా ఏంది?"

"నేను కాదు. మా ఇంటామె అల్లుతాంది."

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు ట్రయల్ వేశాం. ప్రిన్సిపాల్ గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. బాగా చదువుకున్నారు, కానీ మీటలంటే బెదురు. మైకు తీసుకుని మాట్లాడబోతూ రెండుసార్లు చెయ్యి తగిలి మ్యూట్ మీట నొక్కేశారు. నొక్కగానే ఎర్ర లైటు వెలిగి మైకు ఆగింది. అది అలాగే ఆగాలి. కానీ ఆయన ఖాళీ మైకులో గొంతు చించుకున్నారు. కరస్పాండెంట్ గారు ఆయన్నేమీ అనలేదు. నన్ను చూశారు.

"ఏందప్పా ఇది? ఆ పొద్దు గూడా ఇట్లనే ఆగుతుందా?"

ఆయన మామూలుగానే అడిగారు. నాకు మాత్రం జీపు కనపడింది. మూత విప్పిన ఆంప్లిఫయర్ కనపడింది. ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచి, మ్యూట్ మీట నొక్కితే మైకు ఆగాలి అన్న ఆజ్ఞ తీసేశాను. ఎర్ర లైటు వెలగాలి అన్నదాన్ని మాత్రం ఉంచాను. మీట కదుల్తుంది, లైటు వెలుగుతుంది, మైకు ఆగదు. ప్రారంభోత్సవం గడిచాక మళ్లీ మామూలుగా మార్చేద్దాం అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఎలక్ట్రీషియన్ అడిగాడు కూడా. "అప్పా, ప్రిన్సిపాల్ సార్‌కు ఇంగోసారి నేర్పీమన్నారు. ఎర్ర లైటు వెలిగితే మాట బయటికి పోదు, అంతే గదా?"

"అంతే అన్నా" అన్నాను.

ఆయన పోయి ఆ మాటే నేర్పించాడు.

ప్రారంభోత్సవం పొద్దున పదిన్నరకు. కర్నూలు నుంచి ముఖ్య అతిథి రావాలి. వచ్చి ప్రిన్సిపాల్ గదిలో మీట నొక్కితే ఇరవై రెండు ప్రొజెక్టర్లూ ఒకేసారి వెలగాలి. పిల్లల్ని, లెక్చరర్లను గదుల్లో ముందే కూర్చోబెట్టారు. నేను ఏసీ గదిలో, పరీక్షకు పెట్టుకున్న చిన్న స్పీకరు పక్కన, ల్యాప్‌టాప్ ముందున్నాను. ఎలక్ట్రీషియన్‌ను గేటు దగ్గర బ్యానరు కట్టడానికి పంపారు.

ప్రిన్సిపాల్ గారు మైకు తీసుకుని, "అతిథి గారు దారిలో ఉన్నారు, అందరూ నిశ్శబ్దంగా ఉండాలి" అని చక్కగా చెప్పారు. తర్వాత నేర్పినట్టే మ్యూట్ నొక్కారు. ఎర్ర లైటు వెలిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పక్కనున్న వైస్ ప్రిన్సిపాల్ గారితో మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఈ మిల్లాయనకు పిల్లలన్నా వడ్లన్నా ఒకటేనండీ. ఇటు పోస్తే అటు ఇంజనీర్లు రాలాలి. ఊకా తవుడూ మన దగ్గర మిగుల్తున్నాయి."

"అవున్సార్" అన్న వైస్ ప్రిన్సిపాల్ గారి గొంతు కూడా ఇరవై రెండు గదుల్లో స్పష్టంగా వినపడింది. ఆ స్పీకర్లు నేనే ఏరి తెచ్చినవి. చాలా మంచివి.

"ఆ వచ్చే అతిథికి ప్రొజెక్టరుకూ టీవీకీ తేడా తెలీదు. మీట దగ్గర చెయ్యి పట్టుకుని నొక్కించాలి. అన్నట్టు, ఉప్మా సంగతి చూశారా? జీడిపప్పుది నాలుగు ప్లేట్లు చాలు. స్టాఫుకు మామూలుదే పెట్టించండి. వాళ్లకు తేడా తెలీదు."

నా ల్యాప్‌టాప్‌లో మైకు తాలూకు పచ్చ గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక్క క్లిక్కుతో ఆపేయవచ్చు. ఎందుకు ఆపలేదని తర్వాత నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. చేతులు ఆడలేదని కొన్నేళ్లు చెప్పుకున్నాను. అది నిజం కాదు. నేను వింటూ ఉండిపోయాను. ఉప్మా దగ్గర నవ్వాను కూడా.

పై అంతస్తు నుంచి ఒక హోరు లేచింది. ముందు పిల్లలది, తర్వాత లెక్చరర్లది. ఎలక్ట్రీషియన్ బ్యానరు తాడు చేత్తో పట్టుకునే గేటు దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"అప్పా, ఎర్ర లైటు వెలగలేదా?"

"వెలిగింది."

"వెలిగితే మాట యాడికి పోతాంది?"

అప్పుడు క్లిక్ చేశాను. ఆలస్యం అయిపోయింది. అతిథి దారిలో లేరు, వచ్చేశారు. కరస్పాండెంట్ గారు ఆయన్ను వెంటబెట్టుకుని అప్పటికే వరండాలో, సరిగ్గా ఒక స్పీకరు కింద నిలబడి ఉన్నారు. అతిథి గారు నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకున్నారట. కరస్పాండెంట్ గారు నవ్వలేదు. తర్వాత మీట నొక్కితే ఇరవై రెండు ప్రొజెక్టర్లూ ఒకేసారి వెలిగాయి. ఒక్కరూ చూడలేదు. స్టాఫు మొత్తం కట్టకట్టుకుని ఉప్మా తినకుండా లేచారు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో విచారణ. దానికి ముందే నేను ల్యాప్‌టాప్‌లో మ్యూట్‌ను సరిచేసేశాను. అది అన్నిటికంటే పెద్ద తప్పు. కరస్పాండెంట్ గారు ఎలా జరిగిందని అడగలేదు.

"ఎవురు చేయించినారు?" అన్నారు.

ఆయన నావైపు తిరిగారు.

"నీ మిషన్లో తప్పుండాదా?"

"లేద్సార్."

"నొక్కి చూపీ."

నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది, మైకు ఆగింది. మళ్లీ నొక్కాను. మైకు వచ్చింది. మిషన్ నిక్షేపంగా ఉంది. ఎలక్ట్రీషియన్ నావైపు చూసి తల ఊపాడు. మేమిద్దరం నెల రోజులు చేసిన పని బాగుందని పెద్దాయన ముందు తేలినందుకు ఆయనకు సంతోషం. మిషన్ బాగుంటే తప్పు మనిషిదేనని, ఆ మనిషి తానేనని ఆయనకు అర్థం కావడానికి ఇంకో నిమిషం పట్టింది.

"పోయిన్నెల వీడు లీవడిగితే నేను ఇవ్వలేదండీ. ఆ కోపమే ఇది. లైటు వెలిగితే వినపడదని నాకు చెప్పింది కూడా వీడే" అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఎలక్ట్రీషియన్‌ను చూపిస్తూ.

"నేను కాద్సార్. నేను గేటు కాడ బ్యానరు కడ్తాంటి" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఎవురు చేయించినారో చెప్పు. నిన్నేమీ అనం."

"ఎవురూ చేయించలేద్సార్."

"అంటే నువ్వే సొంతంగా చేసినావ్."

ఈ రకం ప్రశ్నల నుంచి బయటికి దారి ఉండదని ఆ గదిలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నేను ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాను.

ప్రిన్సిపాల్ గారు ఉద్యోగంలోంచి తీసేయమన్నారు. కరస్పాండెంట్ గారికి అప్పటికే ప్రిన్సిపాల్ గారి అభిప్రాయాలు తెలిసిపోయాయి కాబట్టి ఆయన మాట పూర్తిగా వినలేదు. ఎలక్ట్రీషియన్‌ను ఆళ్లగడ్డలో తమదే ఇంకో జూనియర్ కాలేజీకి పంపారు. నీళ్ల మోటారు వెయ్యడం, గంట కొట్టడం. ఏసీ గదిలో ఒక గుమాస్తాను కూర్చోబెట్టారు. అతను జలుబు చేస్తోందని నెల తిరక్కముందే ఏసీ ఆపేసి కిటికీలు తెరిచాడు. ప్రిన్సిపాల్ గారు మరుసటి సంవత్సరం వేరే కాలేజీ చూసుకున్నారు.

నాకు కంపెనీ నుంచి మెచ్చుకోలు వచ్చింది. తర్వాత నాలుగేళ్లలో చాలా కాలేజీలకు ఇవే బిగించాను. ప్రతిచోటా మ్యూట్ మీట పదిసార్లు నొక్కి చూసేవాడిని. నన్ను అందరూ జాగ్రత్తపరుడు అనేవారు.

ఒకసారి సెలవు మీద ఆళ్లగడ్డ పోయినప్పుడు, శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర ఆయన ఎదురయ్యాడు. సైకిలు దిగి, "ఏమప్పా, బాగుండావా?" అని నవ్వుతూ పలకరించాడు. ఆ నవ్వు చూశాక ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు. అక్కడే చెప్పేద్దామని నోరు తెరిచాను. పక్కనే ఒకాయన నల్లరాతి నందిని మిషన్‌తో కోస్తున్నాడు.

"అన్నా, ఆ పొద్దు తప్పు నాది!"

"ఏందీ?"

"తప్పు నాదీ! మైకు నేనే ఆగకుండా చేసినా!"

సరిగ్గా అప్పుడే కోత ఆగింది. నా చివరి మాటలు వీధికంతా వినపడ్డాయి. శిల్పి కళ్లద్దాలు పైకెత్తి, నేను చేసింది ఏమిటో చూద్దామని నావైపు చూశాడు.

ఎలక్ట్రీషియన్ సైకిలు స్టాండు వేశాడు. మొత్తం విన్నాడు. జీపు దగ్గర మొదలుపెట్టి విచారణ దాకా చెప్పాను. సైకిలు సీటు మీద పడ్డ రాతిపొడి చేత్తో దులిపాడు.

"ఒక్క మాట చెప్పింటే అయిపోయేదే ఆ పొద్దు."

"నిజమేన్నా."

"కంపెనీ నిన్ను ఉరి తీసేదా?"

"లేదు."

ఆయన శిల్పి వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడప్పా, బయట ఎవురికన్నా చెప్పుకుంటే నా పేరు మాత్రం ఎత్తొద్దు. మొదట రెండేండ్లు నేను కాదు నేను కాదని మొత్తుకుంటి, ఎవురూ నమ్మలేదు. ఇప్పుడు ఈడ లెక్చరర్లు కూడా లేసి టీ ఇస్తారు. ప్రిన్సిపాల్ బండారం బయటేసిన మొగోడు అంటారు. అది నాకు బాగానే జరుగుతాంది. నువ్వొచ్చి చెడగొట్టొద్దు."

"మరి నేనేం చెయ్యాలన్నా?"

"ఇంటికి రా. మా ఇంటామెకు చెప్పు. నాలుగేండ్ల నుంచి నా మాట ఒక్కనాడన్నా నమ్మలేదు ఆ మనిషి. మంచి పని చేతికొస్తే చెయ్యి ఊరుకోక పాడు చేసుకున్యాడు అంటుంది. ఏం చెప్పినా అదే. కూర బాగలేదంటే అదే."

ఇంట్లో ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను నిలబడే అంతా చెప్పాను. ఆమె చేట కింద పెట్టలేదు.

"నువ్వే వచ్చినావా, ఈయప్ప తోలుకొచ్చినాడా?"

"తోలుకొచ్చినాడు వదినా, అయితే..."

"చూస్తివా? పోయినేడు కూడా ఒకాయన్ను తోలుకొచ్చినాడు. టీవీలు రిపేరు చేసే ఆయన. మిషన్లు ఒక్కోసారి అట్ల చేస్తాయమ్మా అని చెప్పి, కాఫీ తాగిపోయినాడు."

నేను ఎలక్ట్రీషియన్ వైపు చూశాను. ఆయన దూలం వైపు చూశాడు.

"నేను చెప్పేది నిజం వదినా."

"నిజమైతే రాసియ్యి."

రూళ్ల పుస్తకంలోంచి ఒక కాగితం చించి ఇచ్చింది. గడప మీద కూర్చుని పదకొండు లైన్లు రాశాను. ఆమె చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, కాగితం తీసుకుని వెలుతురుకు జరిగి చదివింది.

"పొరపాటున అని రాసినావే. పొరపాటున చేసినావా?"

ఆలోచించాను. "కాదు. తెలిసే చేసినా."

"అయితే కొట్టేయ్ దాన్ని."

కొట్టేశాను.

"మిషన్లో తప్పు లేదని చెప్పినా అని రాసినావ్. ఎందుకు చెప్పినావో రాయి."

భయపడి అని రాశాను.

"దేనికి భయపడి?"

"నా పని పోతుందని."

"ఈయప్ప పని పోతే నీకు నిద్ర పట్టిందా?"

"ఆగుమే, ఇంటికొచ్చిన మనిషిని..." అన్నాడు ఎలక్ట్రీషియన్ వెనక నుంచి.

"నువ్వుండు" అంది ఆమె, ఆయన వైపు తిరగకుండానే.

పట్టిందని రాయాల్సి వచ్చింది. నిజంగానే పట్టింది, చాలా రోజుల పాటు. కింద సంతకం పెట్టించింది. ఊరు పేరు కూడా రాయించింది. కాగితాన్ని ఇంకోసారి పైనుంచి కిందికి చూసి, గూట్లోని ఫోను తీసి వాళ్లక్కకు కలిపింది. ఎలా ఉన్నావని కూడా అడక్కుండా చదవడం మొదలుపెట్టింది. ఎలక్ట్రీషియన్ నా పక్కన గడప మీద కూర్చున్నాడు. ఆమె నాలుగో లైనుకు వచ్చేసరికి అవతల అక్కకు ఏదో అర్థం కానట్టుంది.

"మొదట్నుంచి చదువు. నిదానంగా చదువు" అన్నాడాయన.

ఆమె ఆయన వంక ఒక్క క్షణం చూసి, మొదటి నుంచి చదివింది.